మామ ఖాళీ చేసిన ఇల్లు

గఫూరు బరంపురం నుంచి వచ్చి, తండ్రి బతికుండగానే ఇంటి గోడలు కొలిపించుకుని వెళ్ళాడు. టేపు పట్టుకొచ్చిన శెట్టిగారు వీధిలో నిలబడి "వంటిల్లు పడగొట్టీసి గొడౌను కట్టుకోవచ్చు" అంటుంటే మా అరుగు మీదికి స్పష్టంగా వినిపించింది. నాకు వినిపించిన మాట, ఆ వంటింట్లోనే కూర్చుని రొట్టెలు కాలుస్తున్న గఫూరు వదిన హలీమాకు వినిపించకపోదు. పెంకుల సందుల్లోంచి పొగ మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. పొయ్యి ఆర్పుకుని ఏడ్చేటంత తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

విజయనగరంలో మా ఇల్లూ మదార్ సాహెబు ఇల్లూ పక్కపక్కనే. మధ్య గోడ సగం కూలిపోయి ఉంది. బాగు చేయిస్తానని మా ఆయన పెళ్ళినాటి నుంచీ అంటున్నారు. ఆయన వకీలు, వాయిదా వేయడం ఆయనకు వృత్తిధర్మం. ఆ కూలిన చోట నిలబడి హలీమా, నేనూ ఉప్పూ చింతపండూ కబుర్లూ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. నా బి.ఎ. చదువుకు అంతకన్నా మంచి ఉద్యోగం దొరకలేదు.

మదార్ సాహెబుది కళాయి పని. మా పేటలో ఇత్తడి గిన్నెల లోపలి తెలుపంతా ఆయన చేతిదే. స్టీలు సామాను దిగాక పని తగ్గింది గాని మనిషి తగ్గలేదు. డెబ్భై దాటినా, బొగ్గులు ఊదే తోలు తిత్తి భుజాన వేసుకుని కంటోన్మెంటు దాకా నడిచిపోయేవాడు. పెద్దకొడుకు ఖలీలు తండ్రితోనే పని చేస్తూ, తండ్రితోనే ఉంటూ, కిందటి వానాకాలం పచ్చకామెర్లతో పోయాడు. మిగిలింది కోడలు హలీమా, పదేళ్ళ మనవరాలు జైబున్. చిన్నకొడుకు గఫూరుకు పెద్దాయన ఎప్పుడో బరంపురంలో లాంతర్ల దుకాణం పెట్టించాడు. చిన్నాడికి దుకాణం, పెద్దాడికి ఇల్లు అనుకున్నాడు. పెద్దాడే ఉండడని అనుకోలేదు.

శెట్టిగారు టేపు చుట్టుకుని వెళ్ళిన సాయంత్రం మదార్ సాహెబు మా అరుగెక్కాడు. అక్కడ మా ఆయనా ఖాజీగారూ చదరంగం ఆడుతున్నారు. ఖాజీగారు మసీదులో పెళ్ళిళ్ళు చదివించే పెద్దమనిషి. తమ ధర్మశాస్త్రంలో దిట్ట. చదరంగంలో మాత్రం గుర్రాన్ని ఎటుపడితే అటు దూకిస్తాడని మా ఆయన అభియోగం.

"బాబూ, నాను సచ్చిపోతే నా మనవరాలికేటి వస్తాది?" అన్నాడు మదార్ సాహెబు.

మా ఆయన బల్ల మీంచి తల ఎత్తలేదు. "ఏమీ రాదు."

"ఏటీ రాదా?"

"కొడుకు ఒకడు బతికుంటే, పోయిన కొడుకు పిల్లలకి వాటా లేదు సాహెబూ. కోడలికి మొదటే లేదు. ఇల్లు మొత్తం గఫూరుదే. కావాలంటే ఈయన్నడుగు."

ఖాజీగారు వేళ్ళ మధ్య బంటును తిప్పాడు. "వాటాలు అల్లా పెట్టినవి మదారూ. నువ్వు పోయాక వాటిల్లో ఎవరూ వేలు పెట్టలేరు."

"పోకముందో?"

"పోకముందు నీ ఇష్టం. వీలునామా రాస్తే మూడో వంతే చెల్లుతుంది. మూడో వంతంటే నీ వీధి గది. అందులో తల్లీ పిల్లా ఎలాగుంటారు? బతికుండగా దానం ఇచ్చెయ్యి. హిబా అంటాం. మొత్తం ఇవ్వొచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు. కానీ గఫూరు కడుపు కొట్టాలని ఇస్తే నేను సాక్షిగా రాను."

"ఆడిది ఆడికి ముందే ఇచ్చీసినాను బాబూ. ఈ పెంకులు ఖలీలు కష్టం. నానూ ఆడూ తిత్తి ఊది ఊది నేయించినవి."

"అయితే విను. నోటితో ఇచ్చి చేత్తో పట్టుకుంటే అది దానం కాదు. నువ్వు ఇచ్చాననాలి, హలీమా పుచ్చుకున్నాననాలి, నువ్వు ఇంట్లోంచి బయటికి రావాలి. నీ మంచం, నీ పెట్టె, నీ తిత్తి, అన్నీ. నీ చెంబొకటి లోపలుంటే రేపు గఫూరు ఆ చెంబు చూపించి ఇల్లు అడుగుతాడు."

మా ఆయన అప్పుడు తలెత్తారు. "కోర్టు కూడా అదే అడుగుతుంది. కాగితం లేకపోయినా ఫరవాలేదు. ఖాళీ చేశాడా లేదా అన్నదే ప్రశ్న."

నేను తలుపు వెనక నుంచి అందుకున్నాను. "మరి మళ్ళీ లోపలికి ఎప్పుడు వెళ్ళొచ్చండీ?"

"అది ఆవిడ ఇల్లని నలుగురికీ తెలిశాక," అన్నాడు ఖాజీగారు. "ఆవిడ పిలిస్తే చుట్టంగా వెళ్ళొచ్చు. ఒకటి మాత్రం జ్ఞాపకం ఉంచుకో మదారూ. మంచాన పడ్డాక ఇస్తే, ఆ జబ్బుతోనే పోతే, దానం కూడా మూడో వంతుకే చెల్లుతుంది. కాళ్ళాడుతున్నప్పుడే చెయ్యి."

"నడిసే వచ్చాను కదా బాబూ," అన్నాడు మదార్ సాహెబు. ఆ మాట అనడానికి ముందు కొంచెం దగ్గాడు.

పెద్దాయన ఒప్పుకున్నాడు గాని హలీమా ఒప్పుకోలేదు. ఆమె మామ ఎదట కొంగు దించని మనిషి. ఆయనతో ఏదైనా చెప్పాలంటే పిల్లతో చెప్పిస్తుంది. కూలిన గోడ దగ్గర నిలబడి రెండు చేతులూ ఊపేసింది.

"నావల్ల కాదమ్మా. మావని ఈదిలో ఎట్టి నాను గడపలో నిలబడాలా? ఊరేటంటాది?"

"కోడలు మామని గెంటేసింది అంటుంది."

"మరీ!"

"అనాలట హలీమా. ఊరు అలా అంటేనే ఇల్లు నీదైనట్టు. అందరూ మెచ్చుకుంటే చెల్లదు."

నేను వేళాకోళమాడుతున్నాననుకుని నా మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. చట్టానికి కావలసిందీ, ఊరు ఉమ్మేసేదీ ఒకటే పని కావడం నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు.

"శెట్టిగారి మాట విన్నావా?" అన్నాను.

"ఇన్నాను."

"పిల్లని తీసుకుని ఎక్కడికెళ్తావు?"

"రాజాంలో మా అన్న ఉన్నాడు. ఆడింట్లో మంచాలు సాలక పిల్లల్ని బల్ల కింద పండబెడతన్నారు." కాసేపు గోడ మీది నాచు గీకింది. "మావ తిత్తి నానే మోసి బయట ఎడతాను. ఇంకోల్లు ముట్టుకోకూడదు."

శుక్రవారం పొద్దున్నే మదార్ సాహెబు వీధి మధ్యలో గుంట తవ్వి బొగ్గులు రాజేశాడు. ఒంట్లో బాగున్నట్టు పేటంతా చూడాలి కదా. నేను నా వంతుగా కళాయి అక్కర్లేని గిన్నెలన్నీ తెచ్చి పడేశాను. చివరికి మా ఆయన స్నానం చేసే గంగాళం కూడా దొర్లించుకొచ్చాను. నీళ్ళు కాచుకునేదానికి కళాయి ఎందుకని ఆయన అడిగితే, సాక్ష్యానికి అన్నాను. వీధంతా కళాయికి చల్లే నవాసాగరం పొగ కమ్మి అందరూ దగ్గారు. ఆ గోలలో మదార్ సాహెబు దగ్గు ఎవరూ వేరుగా వినలేదు.

నమాజు అయ్యాక ఖాజీగారు ఇద్దరు మసీదు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మంచం బయటికొచ్చింది. పెట్టె వచ్చింది. దండెం మీది లుంగీలు, మూల నిలబెట్టిన చేతికర్ర, నమాజు చాప, తాగే చెంబు వచ్చాయి. తిత్తిని హలీమా చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా తెచ్చి మా అరుగు మీద పెట్టింది. ఖాజీగారు లోపలికెళ్ళి గదులన్నీ చూసి వచ్చి తల ఊపాడు.

"హలీమా, ఈ ఇల్లు నీకిచ్చీసినాను," అన్నాడు మదార్ సాహెబు వీధిలో నిలబడి. "నాకింక దీంతో పని నేదు." తాళంచెవి గడప మీద పెట్టాడు.

హలీమా తలుపు వెనక్కి జరిగింది.

"పుచ్చుకున్నానని చెప్పు. ఖబూల్ అనమ్మా," అన్నాడు ఖాజీగారు.

ఏదో చప్పుడు వచ్చింది. అది మాటా, ఏడుపా తెలియలేదు.

"వినపడలేదు తల్లీ. సాక్షులకి వినపడాలి."

"ఖబూల్!" అని తలుపు చెక్కకేసి అరిచి, తాళంచెవి అందుకుని లోపలికి పారిపోయింది.

సరిగ్గా అప్పుడే పాలు పోసే దానమ్మ సందు మలుపు తిరిగింది. మా అరుగు మీద మంచం, మంచం మీద ముసలాయన, పక్కింటి లోపల ఏడుపు. మిగతాది ఆమె కల్పించుకోగలదు.

"ఏటమ్మా ఇది?" అని నన్నడిగింది.

దానమ్మకు చెబితే రేడియోలో చెప్పించినట్టే. నేను గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పొద్దని మరీ చెప్పాను. "ఇల్లు కోడలిదైపోయింది. ముసలాయన్ని ఖాళీ చేయించింది."

"ఓలమ్మో!" దానమ్మ తపేలా దింపింది. "ఒసే హలీమా! ముసిలోడేటి సేసాడే నీకు? మొగుడు పోయి మట్టి ఆరనేదు, మావనీ ఈదినెట్టీసినావా? సేతులెలాగొచ్చాయే? ఇయాల్టి నుంచి నీకు సుక్క పాలు పొయ్యను. నీ ఆడగుంటకి నీల్లు తాగించుకో!"

మదార్ సాహెబు మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు. కోడల్ని వెనకేసుకొస్తే ఇల్లు పోతుంది. మాట్లాడకపోతే ఆమె పరువు పోతుంది. తిత్తి తోలు మీద అంటిన మసి ఊరికే తుడుస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత కుళాయి దగ్గర హలీమా బిందెను అందరూ వెనక్కి జరిపారు. జైబున్‌ని బడిలో పక్కన కూర్చోనివ్వలేదు. హలీమా మాత్రం పూటపూటా గిన్నెలో అన్నం పెట్టి పిల్లతో మామకు పంపేది. గిన్నె మళ్ళీ ఖాళీగా వచ్చేదాకా తలుపు సందులోంచి చూసేది. వీధిలో వాళ్ళు దాన్ని కూడా "తిండి పారేస్తన్నాది" అన్నారు. ఖాజీగారు ఇంకొన్నాళ్ళు ఆగమన్నాడు. ఇంకొన్నాళ్ళు ఆగితే చుట్టంగా పిలవొచ్చు.

పైడితల్లి పండగ వెళ్ళగానే తుఫాను పట్టింది. జల్లు అరుగు మీదికి కొట్టి పెద్దాయన్ని తడిపేసింది. మా ఆయన బలవంతాన మా సావిడిలోకి మార్పించారు. "ఈదిలోంచి కనపడేలాగ ఎయ్యండి బాబూ," అని మంచం గుమ్మానికి ఎదురుగా వేయించుకున్నాడు. దగ్గు ఒక్కసారిగా రొమ్ములోకి దిగింది. డాక్టరు వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు. మదార్ సాహెబు ఇంటికి తప్ప ఎక్కడికీ రానన్నాడు. సరే ఇంటికే వెళ్దామంటే, ఇంటికీ రానన్నాడు.

"మావని నాను పిలిసీనా అమ్మా?" అంది హలీమా గోడ దగ్గర తడుస్తూ. "పిలిసీమంటే ఇప్పుడే పిలుస్తాను. ఇల్లు పోతే పోనాది."

లోపల మంచం మీది నుంచి పెద్దాయనే విన్నాడు. "పోనీకు," అన్నాడు. కోడలి పేరు పెట్టకుండా, గోడకేసి. "నా మంచం ఆ గడప దాటితే గఫూరొస్తాడు."

గడప దాటకుండానే వచ్చాడు గఫూరు. దానమ్మ మాట బరంపురం చేరడానికి పోస్టాఫీసుతో పనిలేదు. మధ్యాహ్నం రైలు దిగి, మసీదు దగ్గర ఖాజీగారినీ ఆ ఇద్దరు పెద్దల్నీ లేవదీసుకుని, మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు. నేనతణ్ణి తిట్టుకుందామని సిద్ధంగా ఉన్నాను. కానీ సావిడిలో తండ్రిని చూడగానే ఆ మనిషి చతికిలబడిపోయాడు. తండ్రి పాదాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. దొంగ ఏడుపైతే నాకెంతో సుఖంగా ఉండేది.

"బాబా, సొంత ఇల్లు పక్కనుండగా పరాయోల్లింట్ల సత్తావా? లెగు, ఎల్దాం."

జ్వరం తలకెక్కిన మదార్ సాహెబు కళ్ళు తెరిచాడు. "గఫూరా?"

"నానే బాబా."

"ఇంటికి తీసుకుపోరా. నన్ను నా ఇంటికి తీసుకుపో."

గఫూరు కళ్ళు తుడుచుకుని ఖాజీగారి వైపు తిరిగాడు.

"ఇన్నారా? నా ఇల్లు అన్నాడు. మీ అందరి ముందు అన్నాడు. ఇచ్చీసినోడి మాటేనా అది? ఒంట్లో బాగునేనోడి సేత ఏదో అనిపించీసి..."

"ఏటి నీ బాబు ఇల్లు?" గుమ్మంలో పాల తపేలాతో నిలబడ్డ దానమ్మకు ఒళ్ళు మండింది. "ఆ ఇల్లు దానిదైపోనాది, పేటంతటికీ ఎరికే! కానప్పుడు ఎలాగ గెంటీసిందో? అంతకు ముందు పూటే ఈదిల కూకుని తిత్తి ఊదినాడు, దుక్కలాగ గట్టిగున్నాడు. అప్పుడు కాని జబ్బు ఇప్పుడెలాగైపోతాది?"

హలీమాను తిడుతున్నాననుకునే అంది పాపం. ఖాజీగారు మాత్రం సాక్ష్యం చెప్పిన మనిషిని చూసినట్టు ఆమెను ఎంతో గౌరవంగా చూశాడు.

గఫూరు అదంతా పట్టించుకోలేదు. వెంట తెచ్చిన కూలీలతో మంచం నాలుగు కోళ్ళూ పట్టించాడు. తండ్రి మీద గోనెపట్టా కప్పి వానలోకి దింపాడు. ఈ పక్క గుమ్మం నుంచి ఆ పక్క గుమ్మానికి ఎంత దూరం. కానీ మంచం చేరేసరికి హలీమా గడపలో నిలబడి ఉంది, రెండు చేతులూ ద్వారబంధాలకు ఆనించి.

"తప్పుకో వదినా."

ఆమె కదల్లేదు. వీధి మొత్తం గుమ్మాల్లోకి వచ్చింది. వానలో చావుబతుకుల్లో ఉన్న ముసలాయన, దారికి అడ్డంగా కోడలు.

"మావ లోపలికి వస్తాడు," అంది హలీమా. ఆమె గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలీదు. "ఆ మంచం రాదు."

"ఏటీ?"

"నా ఇంటికి నా మావని నానే పిలుస్తన్నాను. నా సాప మీద పండుకుంటాడు. ఆయన మంచం, ఆయన పెట్టె నా గడప దాటవు. ఖాజీగారూ, ఇనండి."

"మంచం దింపను," అన్నాడు గఫూరు. "బురదల దింపుతానా బాబుని? మంచంతో పాటే తీసుకెల్తాను. ఆయన మంచం, ఆయన ఇల్లు."

వాన ఆ ముసలి మొహం మీద పడుతోంది. గఫూరుదే పైచేయి, ఎంతసేపు అక్కడే నిలబెడితే హలీమా అంత తొందరగా తప్పుకుంటుంది. మగవాళ్ళందరూ చట్టం వైపు చూశారు, అంటే ఎవరూ ఏమీ చెయ్యలేదు.

హలీమా గడప దిగింది. మామ ఎదట కొంగు దించని మనిషి, కొంగు నడుముకు బిగించి, మంచం మీదికి వంగి, ఆయన చంకల కింద చేతులు వేసింది. నేను అరుగు దూకి కాళ్ళు పట్టుకున్నాను. తిత్తి ఊది ఊది గట్టిపడ్డ ఆ మనిషి ఎంత తేలికైపోయాడో! ఇద్దరు ఆడవాళ్ళం ఆయన్ని గడప దాటించాం. మంచం వీధిలో, వానలో, కూలీల చేతుల్లో ఖాళీగా ఉండిపోయింది.

"చుట్టంగా పిలిచింది, వచ్చాడు," అన్నాడు ఖాజీగారు పెద్దలతో. "చూశారుగా."

గఫూరు మంచం దింపించి దాని మీద కూలబడ్డాడు. "నాకు ముగ్గురాడపిల్లలు వదినా," అన్నాడు. "దుకాణం పోయి ఆర్నెల్లైంది. ఎవరికీ సెప్పనేదు." ఆ మాట లోపలికి వినిపించింది.

హలీమా పెద్దాయన్ని ఆయన గదిలో కాకుండా వంటింటి పక్కన, తను పడుకునే చాప మీద పడుకోబెట్టింది. అక్కడ ఆయన ఎప్పుడూ పడుకోలేదు. పొడి బట్ట కట్టి, పొయ్యి మీద గుడ్డ కాచి రొమ్ము మీద వేసింది. తలుపులు తీసే ఉన్నాయి. ఖాజీగారూ పెద్దలూ చూరు కింద నిలబడ్డారు. గఫూరు లేచి వచ్చి గడప అవతల చెవి ఒగ్గి నిలబడ్డాడు.

మదార్ సాహెబు కళ్ళు తెరిచి పైకప్పు కేసి చూశాడు. ఏ పక్క నుంచి చూస్తే ఏ పెంకు ఎలా కనపడుతుందో ఆయనకు అలవాటే గాని, ఈ పక్క నుంచి కాదు.

"ఇది ఎవరిల్లు?"

"నాదే మావా," అంది హలీమా.

"మంచోల్లు. పడుకోనిచ్చారు." కాసేపు ఊపిరి కోసం తడుముకున్నాడు. "ఇంక నన్ను ఇంటికి తీసుకుపో అమ్మా. గఫూరు రానేదు. ఖలీలునైనా పిలు. నా ఇంట్ల పోవాలి నాను."

ఇది నీ ఇల్లే సాహెబూ, నీ ఇంట్లోనే ఉన్నావు అనడానికి నేను నోరు తెరిచాను. అంతకన్నా చిన్న మాట, అంతకన్నా నిజమైన మాట నాకు తోచలేదు. హలీమా తడి చేత్తో నా నోరు మూసేసింది. ఆమె కళ్ళు నా మీద లేవు, గడప మీద ఉన్నాయి.

"తీసుకుపోవే," అన్నాడు పెద్దాయన మళ్ళీ, బతిమాలుతూ.

"వాన కొడతన్నాది మావా," అంది హలీమా. "తగ్గినాక ఎల్దాం."

"తగ్గుతాదా?"

"తగ్గుతాది. బేగే తగ్గుతాది. తగ్గగానే నానే తీసుకెల్తాను మీ ఇంటికి."

ఆయన సరేనన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. హలీమా ఆయన పాదాలు ఒళ్ళోకి తీసుకుని రాస్తూ కూర్చుంది. గడప అవతల గఫూరు ఇంకా వింటూనే ఉన్నాడు.